సీతారత్నం పిన్ని మెట్టెలు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో సీతారత్నం పిన్నిని ఇప్పుడు ఎవరూ పేరు పెట్టి పిలవరు. హమాలీలు, లారీ డ్రైవర్లు, ఏలూరు నుంచి సరుకు కొనడానికి వచ్చే దుకాణాల వాళ్ళు, అందరూ "టైమ్ మామ్మ" అనే అంటారు. ఆవిడకు యాభై ఆరేళ్ళు. మామ్మ అనిపించుకునే వయసేమీ కాదు. మొదట్లో ఆ పిలుపు వింటే మూతి తిప్పేది. తరవాత తిప్పడం మానేసింది. ఎవరైనా పిలవకుండా దాటిపోతే తనే తలెత్తి చూడడం మొదలుపెట్టింది.

ఆ పేరు ఆవిడకు "మొన్నటి రేవు" వల్ల వచ్చింది. అది మా ఊళ్ళో తీసిన సీరియల్. ఆదివారం సాయంత్రం లోకల్ కేబుల్ ఛానల్‌లో వచ్చేది. అది అవగానే యూట్యూబ్‌లో కూడా పెట్టేవారు. తీసింది ఫణికిరణ్. అతనిది పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో. ఇంటర్ మధ్యలో చదువు ఆగినప్పటి నుంచీ నేను ఆ స్టూడియోలో ఆల్బమ్‌లకు ఫొటోలు వరసపెట్టే పని చేస్తున్నాను. పిన్నీ వాళ్ళూ మేమూ ఒకే ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉంటాం. అందుకని ఈ సంగతులు నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

పిన్ని పుట్టింది కొల్లేట్లో ఒక లంకలో. వాళ్ళ నాన్నకు తాటిదోనె ఉండేది. బడికి వెళ్ళాలన్నా, కిరాణాకు వెళ్ళాలన్నా దోనె మీదే. వెంకట్రాజు బాబాయిని చేసుకుని పక్క లంకకు వెళ్ళింది. కొల్లేట్లో ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది వాళ్ళ చెరువూ పోయింది. అప్పుడు సామాను మూటలు కట్టుకుని గూడెం వచ్చేశారు. పిన్ని ఉల్లిపాయలు ఏరే పనిలో కుదిరింది. కర్నూలు నుంచి వచ్చిన బస్తాలు గుమ్మరిస్తే కుళ్ళినవి ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు, మొలక వచ్చినవి ఇంకో పక్కకు వెయ్యాలి. బాబాయికి నీళ్ళు లేని ఊళ్ళో ఊపిరాడలేదు. కొన్నాళ్ళు మూటలు మోసి, చివరికి కలిదిండి దగ్గర ఒక రొయ్యల చెరువు మీద కాపలాకు వెళ్ళిపోయాడు. గట్టు మీద పాకలోనే ఉంటాడు. వీలైన వారం వస్తాడు, వీలుకాని వారం ఫోన్ చేస్తాడు. ఒక్కతే కూతురు. నల్లజర్లలో కాపురం చేసుకుంటోంది.

ఆ ఫోన్‌లో పిన్ని ఏం మాట్లాడినా చివర్లో అడిగేది మాత్రం ఒక్కటే.

"చెప్పులు వేసుకున్నారా?"

రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందడానికి కరెంటు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. వాటి వైర్లు గట్టు మీదా నీళ్ళలోనూ పడి ఉంటాయి. పోయిన ఏడాది వానల్లో పక్క చెరువు కాపలా మనిషి ఒట్టి కాళ్ళతో దిగి, షాక్ కొట్టి చనిపోయాడు. బాబాయి అతనితో కలిసి రోజూ టీ తాగేవాడు. అప్పటి నుంచీ ఫోన్ పెట్టేముందు ఆ ప్రశ్న తప్పదు. "వేసుకున్నానే" అని ఆయన అన్నాక గానీ పిన్ని ఫోన్ కింద పెట్టదు.

ఇక సీరియల్‌లోకి ఎలా వచ్చిందంటే, మార్కెట్‌లో కొత్త షెడ్డు ప్రారంభానికి వీడియో తియ్యమని వ్యాపారులు ఫణికిరణ్‌ను పిలిచారు. అతను డ్రోన్ కాస్త కిందికి దింపాడు. ఆ గాలికి షెడ్డులో ఉన్న ఉల్లిపొట్టు అంతా లేచి, కొబ్బరికాయ కొడుతున్న పెద్దమనుషుల మీద పడింది. పిన్ని చీపురు ఎత్తి పట్టుకుని డ్రోన్ వెనకాల పరిగెత్తింది.

"ఎవరయ్యా ఆ తూనీగ! పైకెత్తు! మీ ఇంట్లో పొట్టు కూడా ఇలాగే ఎగరేత్తావా?"

సాయంత్రం స్టూడియోలో ఫణికిరణ్ ఆ ముక్క వెనక్కి తిప్పి తిప్పి చూశాడు. పొట్టు పైకి లేస్తూ ఉంటే మధ్యలో ఆవిడ మొహం. మర్నాడు మా ఇంటికి వచ్చాడు.

"పిన్నిగారూ, నేనో సీరియల్ తీద్దామనుకుంటున్నానండి. మీరు చెయ్యాలి."

"అత్తగారి వేషమా బాబూ?"

"కాదండి. భవిష్యత్తులో మనిషి."

"అప్పుడు కూడా ఉల్లిపాయలే ఏరాలా?"

"లేదండి. అప్పుడు మిషన్లు ఏరతాయి."

"అయితే వత్తాను," అంది పిన్ని.

కథ ఇది. రెండువేల డెబ్బై. కొల్లేరు పూర్తిగా ఎండిపోయి ఉంటుంది. గూడెంలో ఒక కంపెనీ వాళ్ళు కళ్ళకు తగిలించుకునే యంత్రం ఒకటి పెడతారు. అది పెట్టుకుంటే పాత కొల్లేరు కళ్ళముందు కనిపిస్తుంది. నీళ్ళు, పిట్టలు, తామరాకులు, అన్నీ బొమ్మలే. కానీ మామ్మ అది పెట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆవిడ చీర కుచ్చెళ్ళు తడిసి ఉంటాయి. బొమ్మల్లో నీళ్ళకు చీర ఎలా తడుస్తుంది? ఆ యంత్రం లేనిది ఉన్నట్టు చూపిస్తోందా, నిజంగానే మనిషిని వెనకటి కాలానికి పంపిస్తోందా? ప్రతి ఎపిసోడూ ఆ తడిసిన కుచ్చెళ్ళ దగ్గరే ఆగేది. నేల మీద మామ్మ పాదాలు, చీర అంచు నుంచి పాదాల మీదికి కారుతున్న నీళ్ళు. కెమెరా వెనక నుంచి చెంబుతో నీళ్ళు పోసేది నేనే.

ఆ యంత్రం కుట్టింది అబ్దుల్ జబ్బార్ గారు. బస్టాండ్ దగ్గర స్కూటర్ సీట్లకు కవర్లు కుట్టే షాపు ఆయనది. ఫణికిరణ్ ఆన్‌లైన్‌లో తెప్పించిన కళ్ళజోడు అట్టపెట్టెలా ఉంటే, దానికి లోపల సీటు స్పంజి పెట్టి, పైన నల్ల రెక్సిన్ తొడిగి, నుదుటి మీదుగా వెడల్పాటి పట్టీ కుట్టారు. కొలతలకు పిన్నిని కూర్చోబెట్టి ఆయన అడిగారు.

"ఇది పెట్టుకుంటే వెనక్కి వెళ్తారా అమ్మా?"

"ఆయ్. వెనక్కేనంట."

"మరి రివర్స్ గేర్ ఎక్కడ పెట్టమంటావు ఫణీ? ఇండికేటర్ కూడా ఉండాలి కదా, వెనకొచ్చేవాళ్ళు గుద్దేస్తారు."

అందరం నవ్వుకున్నాం. ఆ పట్టీ బాగా కుదిరింది. కథలో ఒక నియమం కూడా పెట్టారు. యంత్రం పూర్తిగా తీసేస్తే ఇక వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. అందుకని చూడనప్పుడు మామ్మ కళ్ళజోడు పైకి జరుపుకుంటుంది గానీ తియ్యదు. పట్టీ ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది.

పిన్నికి యాక్టింగ్ రాదు. కానీ చూడడం వచ్చు. యంత్రం పెట్టుకున్నాక లోపల ఏమీ కనిపించదు, స్పంజి చీకటి తప్ప. అయినా ఆవిడ మెడ తిప్పే తీరు చూస్తే ఏదో పిట్ట ఎటు నుంచి ఎటు ఎగిరిందో మనకు తెలిసిపోయేది. ఏడుపు మాత్రం రాలేదు. మూడో ఎపిసోడ్‌లో ఏడవాలి. ఎవరో ఉల్లిపాయ కోసి తెచ్చారు. పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మొలకొచ్చింది. పక్కన పడెయ్యండి," అంది. ఇన్నేళ్ళ మార్కెట్ పనిలో ఆవిడ కళ్ళకు ఉల్లి అలవాటైపోయింది. చివరికి ఏడుపు లేకుండానే తీశారు. చూసినవాళ్ళకు అదే నచ్చింది.

మూడు నాలుగు వారాలకే ఊళ్ళో ఆదివారం సాయంత్రాలు మారాయి. మార్కెట్‌లో హమాలీలు పిన్నికి బస్తా మీద చోటు ఇచ్చి, "మామ్మా, ఆ కొల్లేరు నిజమా బొమ్మా, మాకు మాత్రం చెప్పెయ్యండి," అని బతిమాలేవారు. "టిక్కెట్టు కొనుక్కుని చూసుకోండి," అనేది పిన్ని. టిక్కెట్టే లేదు దానికి.

పిన్నికి మాత్రం ఒక సందేహం ఉండిపోయింది. ఒకరోజు షూటింగ్ మధ్యలో అడిగింది.

"బాబూ, ఈవిడ మొగుడేడి?"

"చివర్లో తెలుస్తుందండి. ఇప్పుడే చెప్తే మీ మొహంలో కనపడిపోతుంది," అన్నాడు ఫణికిరణ్.

అదే సందేహం కలిదిండిలో కూడా ఉంది. ఆ చుట్టుపక్కల చెరువుల కాపలావాళ్ళు నలుగురు ఆదివారం బాబాయి పాకలో ఒకే ఫోన్ ముందు కూర్చునేవారు. అవగానే బాబాయి ఫోన్ చేసేవాడు. గోడ పక్కనే కాబట్టి నాకు వినిపించేది.

"ఏమే, ఆవిడ మొగుడు ఈ వారం కూడా రాలేదేంటి?"

"వత్తాడు లెండి."

"దుబాయ్ గానీ వెళ్ళాడా?"

"రెండువేల డెబ్బైలో దుబాయ్ ఉంటుందో ఉండదో నాకేం తెలుసండీ. చెప్పులు వేసుకున్నారా?"

ఎనిమిది ఎపిసోడ్లు వచ్చాక చివరిదాని కథ చదవడానికి ఫణికిరణ్ అందరినీ స్టూడియో డాబా మీదికి పిలిచాడు. జబ్బార్ గారు కూడా వచ్చారు. ఫణికిరణ్ చాలా ఇష్టంగా చదివాడు. మామ్మ మొగుడు వయసులో ఉండగానే కొల్లేట్లో దోనె బోల్తాపడి చనిపోయాడు. మామ్మ ఇన్ని సార్లు వెనక్కి వెళ్ళింది ఆ ఒక్క రోజును వెతుక్కుంటూనే. ఆ రోజు దొరుకుతుంది. ఆపలేకపోతుంది. తిరిగొచ్చి, మొదటిసారి యంత్రం పూర్తిగా తీసేస్తుంది.

"యంత్రం తియ్యగానే నుదురు ఖాళీగా కనపడాలండి," అన్నాడు. "బొట్టు ఉండదు. ఇన్ని ఎపిసోడ్లు ఆ పట్టీ కింద దాచింది దానికోసమే. జనం ఏడుస్తారు చూడండి."

పిన్ని చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఆలోచిస్తోందని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఆవిడ బొటనవేలు గ్లాసు అంచు చుట్టూ తిరగడం కనిపించింది. మార్కెట్‌లో కుళ్ళు కాయ ఎక్కడుందో వెతికేటప్పుడు అలా చేస్తుంది.

"అది నేను చెయ్యలేను బాబూ," అంది.

"యాక్టింగే కదండీ పిన్నిగారూ. కట్ చెప్పగానే మళ్ళీ పెట్టుకోవచ్చు."

"కట్ అని నువ్వంటే కెమెరా వింటుంది. మిగతావాళ్ళు వింటారో లేదో నాకేం తెలుసు?"

"మిగతావాళ్ళెవరండీ?"

గట్టు మీద తడి వైర్ల మధ్య తిరిగే మనిషి మొగుడైనప్పుడు, బొట్టు చెరుపుకుని ఖాళీ నుదురు లోకానికి చూపించడం ఆవిడ వల్ల కాదు. ఆ మాట పైకి అనడం కూడా ఆవిడకు ఇష్టం లేదు.

"కాసేపు బొట్టు తీసేస్తే ఏమైపోతుందండీ?" ఫణికిరణ్ గొంతు పెరిగింది. "కథంతా ఆ షాట్ మీదే ఉంది. మీరు చెయ్యనంటే ఏలూరు నుంచి నాటకాలావిడని తెచ్చుకోవాలి. సగం మొహం యంత్రంలోనే ఉంటుంది కదా. ఎవరైనా ఒకటే."

అన్నాక అతనికే బాగోలేదు. కానీ అనేశాడు. జబ్బార్ గారు "ఫణీ" అని మెల్లగా అన్నారు, అంతే. పిన్ని గ్లాసు గోడ మీద పెట్టి, చెంగు సర్దుకుని మెట్లు దిగింది.

ఆ వారం ఆవిడ మార్కెట్‌కు కూడా వెళ్ళలేదు. వెళ్తే మామ్మా అని పిలుస్తారు, చివరికి ఏమవుతుందని అడుగుతారు. వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీసింది, అది అయ్యాక మినుగులు ఏరింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏరుతూ ఏరుతూ తనే అంది.

"ఇన్నేళ్ళలో నన్ను అంతసేపు చూసినవాళ్ళు లేరే అమ్మాయ్. ఎవరైనా నా చేతులు చూత్తారు, పని ఎంతయిందా అని. మొహం ఎవరు చూత్తారు?"

చేటలోంచి ఒక రాయి తీసి పారేసి, "చెయ్యాలని లేకపోవడం కాదు," అంది. "చివరిదాకా నేనే చెయ్యాలని ఉంది. కానీ ఆయన మీద పెట్టి ఆడలేను."

ఏలూరు నుంచి ఒకావిడ వచ్చింది. మంచి మనిషి, ఎన్నో నాటకాలు వేసినావిడ. ఏడవమనగానే కళ్ళ నిండా నీళ్ళు తెచ్చుకుంది. ఫణికిరణ్ సంతోషపడ్డాడు. సంతోషపడ్డానని నాలుగుసార్లు నాకే చెప్పాడు. అసలు షూటింగ్‌కు రోజు అనుకున్నారు.

దానికి రెండు రోజుల ముందు బాబాయి వచ్చాడు. బొమ్మిడాయి చేపలు తెచ్చాడు. షూటింగ్ లేదా అని అడిగితే, "కొన్నాళ్ళు ఆపారండి," అని చెప్పి పిన్ని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మళ్ళీ అడగలేదు. తెచ్చినవాటిలో సగం ఇంకో సంచిలో వేసుకుని, "స్టూడియో ఎక్కడమ్మాయ్?" అని నన్ను అడిగి నాతోపాటు బయలుదేరాడు.

బాబాయి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎండకు నల్లబడిన మొహం మీద మీసం ఒక్కటే నిండుగా ఉంటుంది. స్టూడియోలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. జబ్బార్ గారు రెండో యంత్రానికి పట్టీ అతికిస్తూ అక్కడే ఉన్నారు. ఒకటి తడిసి పాడైతే ఇంకొకటి ఉండాలని ఫణికిరణ్ చేయిస్తున్నాడు.

"బాబూ, నాదొక సందేహమండి," అన్నాడు బాబాయి చేపల సంచి బల్ల కింద పెడుతూ. "మేం నలుగురం పందెం వేసుకున్నాం. మామ్మ మొగుడు పోయాడని వాళ్ళు ముగ్గురూ అంటున్నారు. లేదు, ఉన్నాడు, వత్తాడు అని నేను. ఓడినవాళ్ళు మీసం తీసెయ్యాలి. మీరు కథ చెప్పక్కర్లేదండి. నేను మంగలి దగ్గరికి వెళ్ళాలా వద్దా, అది చెప్పండి చాలు."

ఫణికిరణ్ ఇబ్బందిగా నవ్వాడు. "మీరు ఉన్నాడని ఎలా అనుకున్నారండీ?"

"అనుకోవడమేంటండీ, మీరే చెప్పారు కదా. ఆవిడ కాళ్ళకి మెట్టెలున్నాయి."

జబ్బార్ గారు జిగురు బ్రష్ పక్కన పెట్టారు.

"ప్రతి ఆదివారం ఆఖర్న మీరే దగ్గరగా చూపిస్తున్నారు," అన్నాడు బాబాయి. "మొగుడు పోయినావిడకి మెట్టెలెందుకుంటాయండీ? మొదటివారమే నాకు అర్థమైపోయింది. చెప్పకుండా భలే చెప్పారు బాబూ మీరు. మావాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు."

ఫణికిరణ్ కంప్యూటర్ వైపు తిరిగాడు. మొదటి ఎపిసోడ్ ఆఖరు పెట్టాడు. తడిసిన చీర అంచు, పాదాలు, రెండో వేలికి వెండి మెట్టెలు. నీటి చుక్క మెట్టె మీద ఆగి, మెరిసి, జారింది. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. అన్నింట్లోనూ అంతే. చీర అంచు ఒక్కోసారి మసకగా ఉంది గానీ మెట్టెలు మాత్రం తళతళలాడుతున్నాయి. ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో మెట్టెలు తొడిగే తంతు తీసి తీసి, కాళ్ళ దగ్గరికి వెళ్ళగానే అతని చెయ్యి దానంతటదే మెట్టెల మీద ఫోకస్ పెట్టేది. నేనూ ప్రతిసారీ ఆ పాదాల మీదే నీళ్ళు పోశాను. రోజూ చూసే మెట్టెలు కదా, అవి అక్కడ ఉండకూడదని నాకు తట్టనే లేదు.

జబ్బార్ గారు జిగురు డబ్బా మూత పెట్టి గట్టిగా నవ్వారు.

"పెళ్ళి వీడియో తీశావు నాయనా నువ్వు!"

ఫణికిరణ్ తల పట్టుకున్నాడు. ఎనిమిదీ జనంలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు మొగుడు ఎప్పుడో చనిపోయాడని చూపిస్తే కలిదిండి పాకలో వాళ్ళతో మొదలుపెట్టి అందరూ నిలదీస్తారు.

"ఇంతకీ మా ఆవిడ ఎందుకు మానేసిందండీ?" అని అడిగాడు బాబాయి. "ఏమైనా తేడా చేసిందా? చేస్తే చెప్పండి, నేను మాట్లాడతాను."

ఫణికిరణ్ తలెత్తి ఆయన్ను చూశాడు. ఆయన కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు చెప్పులున్నాయి. స్టూడియోలోకి వచ్చేటప్పుడు విప్పడం మర్చిపోయినట్టున్నాడు. పిన్ని ఎవరి కోసం భయపడి చెయ్యనందో అతనికి అప్పుడే తెలిసిందనుకుంటాను.

"మానలేదండి. నా కథే ఇంకా పూర్తవలేదు," అన్నాడు. "మీరు మంగలి దగ్గరికి వెళ్ళక్కర్లేదు."

ఆ సాయంత్రం అతను మా ఇంటికి వచ్చాడు. పిన్ని వాటా ముందు అరుగు మీద కూర్చున్నాడు. బాబాయి కొళాయి దగ్గర పళ్ళేలు కడుగుతున్నాడు.

"పిన్నిగారూ, ఆయన చనిపోలేదండి."

పిన్ని ఉలిక్కిపడి కొళాయి వైపు చూసింది.

"కథలో ఆయనండి," అన్నాడు ఫణికిరణ్ గబగబా. "పాత కాలంలో ఆగిపోయాడు. ఆయన దగ్గర యంత్రం లేదు కదా, తిరిగి రాలేకపోయాడు. ఇప్పుడు మామ్మ రెండో యంత్రం పట్టుకెళ్ళి తీసుకొస్తుంది. తెచ్చాక ఇద్దరూ తీసేస్తారు."

"తీసేస్తే నుదురో?"

"బొట్టుతోనే ఉండాలండి. ఇన్నాళ్ళు పట్టీ కింద దాచింది అదే అన్నట్టు."

పిన్ని చేటలో మినుగులు ఒకసారి ఎగరేసి ఆపింది. "మరి ఏలూరావిడ?"

"ఫోన్ చేసి క్షమించమన్నానండి. ఆవిడ కాళ్ళు మీ కాళ్ళు కావు కదా. జనం గుర్తుపట్టేస్తారు."

"మొహం ఎవరిదైనా ఒకటే అన్నావు కదయ్యా."

ఫణికిరణ్ తల వంచుకున్నాడు. పిన్ని అతన్ని అలాగే కాసేపు ఉంచి, చేట కింద పెట్టింది.

"సరే గానీ, మొగుడి వేషం ఎవరికి ఇత్తావు? పరాయి మగాడి చెయ్యి పట్టుకుని నేను రేవు ఎక్కను. ముందే చెప్తున్నాను."

కొళాయి దగ్గర పళ్ళెం చప్పుడు ఆగింది. మేం ముగ్గురం అటు చూశాం.

"నా వల్ల కాదండి," అన్నాడు బాబాయి పళ్ళెం అడ్డం పెట్టుకుని.

"మీరేం మాట్లాడక్కర్లేదు బాబాయిగారూ. ఊరికే ఉంటే చాలు."

"ఊరికే ఉండడం మాత్రం బాగా వచ్చు ఆయనకి," అంది పిన్ని.

మర్నాడు ఈ మార్పు విని జబ్బార్ గారు ఒక అడ్డు చెప్పారు. దోనె ఎక్కి పోయినప్పుడు ఆయన కుర్రాడు కదా, అక్కడే ఆగిపోతే కుర్రాడిగానే ఉండాలి కదా అన్నారు. ఫణికిరణ్ ఆలోచించాడు. "ఆగిపోయినవాడికి కూడా ఆకలేస్తుంది కదా భాయ్. వయసూ వస్తుంది," అన్నాడు. జబ్బార్ గారు సరేనని రెండో యంత్రం పట్టీ మగవాళ్ళ తలకు సరిపోయేలా వదులు చేశారు.

ఆటపాక వైపు కొల్లేటి అంచున తెల్లవారాక తీశారు. వానలకు నీళ్ళు బాగా వచ్చి ఉన్నాయి. దూరంగా గూడబాతులు గుంపుగా కూర్చుని మమ్మల్ని పట్టించుకోలేదు. తాటిదోనె ఒకటి అద్దెకు తెచ్చారు. అది చూడగానే పిన్ని వెళ్ళి దాని చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. అది కథలో లేదు. అప్పటికి కెమెరా సంచిలోంచి బయటికి కూడా తియ్యలేదు.

బాబాయి పంచె కట్టుకుని దోనెలో వెనక్కి తిరిగి కూర్చోవాలి. పిన్ని మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, రెండో యంత్రం ఆయన తలకు తగిలించి, చెయ్యి పట్టుకుని గట్టుకు తీసుకురావాలి. ఇద్దరికీ ఏమీ కనిపించదు. స్పంజి చీకటే. ఫణికిరణ్ యాక్షన్ అన్నాడు. పిన్ని యంత్రం కళ్ళ మీదికి దించుకుని, చేతులు ముందుకు చాపకుండా, తిన్నగా దోనె దగ్గరికి నడిచింది. ఆయన తల వెతుక్కుని యంత్రం పెట్టింది. బాబాయి దిగాడు. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని గట్టు వైపు వస్తున్నారు. పిన్ని ముందు, ఆయన వెనక. మాటలు లేవని ముందే చెప్పారు. సగం దూరంలో బాబాయి ఆగి, కాలితో అడుగు తడిమాడు.

"ఏమే, ఇటు రా. అక్కడ గుంట ఉంది."

ఫణికిరణ్ కట్ చెప్పలేదు. పిన్ని పక్కకు జరిగింది. ఇప్పుడు ఆయన ముందు, ఆవిడ వెనక. అలాగే గట్టు ఎక్కారు. నేను నీళ్ళు పొయ్యక్కర్లేకపోయింది. చీర కుచ్చెళ్ళూ పంచె అంచూ నిజంగానే తడిశాయి.

గట్టు మీద పిన్ని ముందు ఆయన యంత్రం తీసింది, తరవాత తనది. చెమటకు బొట్టు కొంచెం కారి ముక్కు మీదికి వచ్చింది. బాబాయి ఆవిడను చూడాలి, అంతే. ఆయన చూశాడు. చూస్తూ ఉండగా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మీసం మీదికి జారాయి.

"కట్! ఎంత బాగా ఏడ్చారండీ!" అని ఫణికిరణ్ అరిచాడు.

"ఏడుపేంటండీ," అన్నాడు బాబాయి మోచేత్తో మొహం తుడుచుకుంటూ. "ఆవిడ చేతులండి. ఉల్లి ఘాటు."

అందరూ నవ్వారు. పిన్ని తన చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఆవిడ మార్కెట్‌కు వెళ్ళి అప్పటికి పదిరోజులు దాటింది.

ఆఖర్న పాదాల షాట్ తీశారు. ఈసారి నాలుగు పాదాలు. ఫణికిరణ్ కెమెరా కిందికి దించి, మెట్టెల మీద ఫోకస్ పెట్టి, చాలాసేపు అలాగే ఉంచాడు. పెళ్ళి వీడియోలా ఉందని జబ్బార్ గారు అంటే, ఉండనివ్వండి భాయ్ అన్నాడు.

ఆ ఎపిసోడ్ వచ్చే ఆదివారానికి బాబాయి కలిదిండిలోనే ఉన్నాడు. సెలవు దొరకలేదు. మా రెండు వాటాల వాళ్ళం, వీధిలో ఇంకొందరు పిన్ని ఇంట్లోనే కూర్చుని చూశాం. పిన్ని మాత్రం గుమ్మంలో నిలబడి, తనను కాకుండా చూసేవాళ్ళ మొహాలు చూసింది. అయిపోగానే ఫోన్ మోగింది.

"చూశారా?" అంది పిన్ని.

"చూశాం. ఇక్కడ ముగ్గురికి రేపటి నుంచి మీసాలుండవు," అన్నాడు బాబాయి. వెనకాల ఎవరో తిడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు. చెరువులో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

"మీరు నన్ను గుంటలో పడకుండా తప్పించారని అందరూ మెచ్చుకుంటున్నారండి."

"నువ్వు చూసుకోకుండా నడిస్తే ఏం చెయ్యమంటావు?"

"కళ్ళకు గంతలు కట్టుకుని ఎలా చూసుకోనూ?" అని పిన్ని నవ్వింది. నవ్వు ఆగాక, గొంతు తగ్గించి ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"చెప్పులు వేసుకున్నారా?"

అటు నుంచి జవాబు వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది. తరవాత ఫోన్ గూట్లో పెట్టి, మర్నాడు మార్కెట్‌కు కట్టుకెళ్ళే చీర తీసి దండెం మీద వేసుకుంది.